బండి మీది, పాలసీ ఆయనది: క్లెయిం ఎవరు అడగాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. శ్రీకాకుళంలో ఒక పాత కార్ల డీలర్ దగ్గర 4.60 లక్షలకు కారు కొన్నాను. ఆర్సీ, ఇన్సూరెన్స్ పేరు మార్పు అంతా మేమే చూసుకుంటామన్నాడు. ఏదీ చూడలేదు. మూడు నెలలకు బరంపురం వెళ్తుంటే తప్తపాణి ఘాట్‌లో బండి గోడకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. గ్యారేజీ బిల్లు 1.38 లక్షలు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూసి వెళ్లాడు. తర్వాత కంపెనీవాళ్లు బండి అమ్మేశారు కాబట్టి క్లెయిం రాదన్నారు. మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టి బండి విడిపించుకోమంటారా?

జవాబు: మాస్టారూ, ఇప్పుడే నగలు కదపకండి. క్లెయిం రాదని కంపెనీ నోటితో చెప్పిందా, కాగితం మీద ఇచ్చిందా? నోటిమాట అయితే కారణంతో సహా రాసి ఇమ్మనండి. సర్వేయర్ రిపోర్టు కాపీ కూడా అడిగి తీసుకోండి. ఈ రెండూ చేతిలో లేకుండా ఎక్కడికి వెళ్లినా తిప్పి పంపిస్తారు.

ఆర్సీ మారలేదని మీరు బాధపడుతున్నారు కానీ, ఈ క్లెయిం వరకు అదే మీకు కాస్త కలిసొచ్చేలా ఉంది. ఆర్సీ మీ పేరుకు మారి, పాలసీ మాత్రం పాత ఓనరు పేరునే ఉండి ఉంటే మీ దారి దాదాపు మూసుకుపోయేది. బండి చేతులు మారినప్పుడు దాంతోపాటు తనంతట తాను వచ్చేది థర్డ్ పార్టీ కవరే, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చేదే. సొంత బండి నష్టానికి ఇచ్చే కవరు రాదని సుప్రీంకోర్టు ఎప్పుడో తొంభైల్లోనే చెప్పింది. దాన్ని మార్పించుకోవడానికి కొన్నవారికి 14 రోజుల గడువు ఉంటుంది.

మీ విషయంలో ఆర్సీలోనూ పాలసీలోనూ పాత ఓనరు పేరే ఉంది. ఇలాంటిదే ఒక లారీ కేసు 2020లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. అమ్మకం ఒప్పందం రాసుకున్నారు, రిజిస్ట్రేషన్ మాత్రం మారలేదు. రికార్డులో పేరు ఉన్న ఆయనే యజమాని, కంపెనీ డబ్బు కట్టాల్సిందే అని తీర్పు వచ్చింది. మీకూ తప్పకుండా వస్తుందని నేను మాట ఇవ్వలేను. అడగడానికి మాత్రం గట్టి ఆధారమే ఉంది. బండి కొన్న తేదీని ఎక్కడా దాచకండి.

అయితే అడగాల్సింది మీరు కాదు, పాలసీ ఉన్న పాత ఓనరు. బండి అమ్మేసి డబ్బు తీసుకున్న మనిషి మీ కోసం ఎందుకు తిరుగుతాడంటారా? ఆ ఘాట్‌లో ఎవరికైనా ప్రాణం పోయి ఉంటే పరిహారం కేసులో బాధ్యుడు రికార్డులో ఉన్న ఓనరేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి, ఆయనే దిగొస్తాడు. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పాత ఓనరు ఉండేది ఏపీలో కాబట్టి హైదరాబాద్ ఆఫీసుకు రాయాలి. భువనేశ్వర్‌కు పంపి నెల పోగొట్టుకోకండి. సరిహద్దు అవతల ఏపీలో ఉన్న పాతపట్నం మనకు పక్క వీధిలాంటిదే అయినా కాగితాల లెక్కలో అది వేరే రాష్ట్రం.

ఇక డీలరు. నా కోపమంతా ఇతని మీదే. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్లు అమ్మే డీలరుకు రవాణా శాఖ అనుమతి ఉండాలి. బండి తన చేతికి వచ్చినట్టు పోర్టల్లో ఎక్కించాలి. ఇతనికి అనుమతి ఉందో లేదో, మీ బండి అలా ఎక్కిందో లేదో కనుక్కోండి. ఎక్కి ఉంటే పాత ఓనరు పేరు మీద అడగడం కష్టమవుతుంది, కానీ డీలరు మెడకు ఉచ్చు బిగుస్తుంది. పేరు మార్పిస్తానన్న వాట్సాప్ మెసేజీలు, డబ్బు కట్టిన రసీదు జాగ్రత్త చేయండి. అతని మీద కేసు వేయడానికి శ్రీకాకుళం తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే, అంటే గజపతి జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. మీరు కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలామంది డీలర్లు నోటీసు అందగానే బేరానికి వస్తారు.

గెలిచినా మొత్తం 1.38 లక్షలూ వస్తాయనుకోకండి. పాలసీలో జీరో డిప్రిసియేషన్, అంటే పార్టుల పాతదనానికి కోత పెట్టని కవరు, లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. పైగా పాలసీలో రాసిన వెయ్యో రెండు వేలో మీరే పెట్టుకోవాలి. కాబట్టి బండి నడవడానికి కావలసిన రిపేరు మాత్రం చేతిలో ఉన్న పొదుపుతో చేయించండి. డెంటింగు, పెయింటింగు ఆగుతాయి. బిల్లు, తీసేసిన పార్టుల ఫోటోలు దాచండి. ఇంకా చాలకపోతే అప్పుడు నగల సంగతి చూద్దాం, అదీ కావలసినంతకే.

ఈలోగా శ్రీకాకుళం నుంచి ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం) తెప్పించే పని మొదలుపెట్టండి. ఒడిశాలో రోడ్డు ట్యాక్స్ కట్టాలి, దానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. కొత్త పాలసీలో పాత ఓనరు నో క్లెయిం బోనస్, అంటే క్లెయిం చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మీకు రాదు. అది మనిషితో పోతుంది, బండితో రాదు. తక్కువ ప్రీమియం కోసం ఏజెంటు దాన్ని మీ పేరున చూపిస్తానంటే ఒప్పుకోకండి, రేపు క్లెయిం దగ్గర అదే అడ్డొస్తుంది. కొత్త పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో కూడా చూడండి. అది రిజిస్టర్డ్ ఓనరుకే వర్తిస్తుంది. ఆ రోజు తప్తపాణిలో మీకే ఏమైనా అయి ఉంటే పాత పాలసీ నుంచి మీ ఇంటికి ఆ డబ్బు వచ్చేది కాదు.