మూడు అని చెప్పాక మళ్లీ ‘ఎస్’ ఎందుకు?

ప్రశ్న: మేడమ్ గారూ, మేం సింగపూర్ వచ్చి రెండేళ్లయింది. పక్క ఫ్లాట్‌లో చైనాలోని చెంగ్డూ నుంచి కూతురి దగ్గరకు వచ్చిన పెద్దావిడ ఉంటారు. అకౌంట్స్ చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు నేను ఆమెకు ఇంగ్లిష్ నేర్పుతాను, ఆమె నాకు నూడుల్స్ నేర్పుతారు. లెక్కల్లో దిట్ట. కానీ ‘త్రీ యాపిల్’, ‘టూ డాటర్’ అంటారు. ‘ఎస్’ పెట్టాలి ఆంటీ అని వందసార్లు చెప్పాను. తలూపుతారు, మళ్లీ అదే. ‘ఎ’, ‘ది’ అయితే అసలు వాడరు. నాకు నేర్పడం రావట్లేదా?
– ఒక పాఠకురాలు, సింగపూర్

జవాబు: మీకు రాకపోవడం కాదమ్మా. నేనూ ఆ ఊళ్లోనే ఎనిమిదేళ్లు సాయంత్రం క్లాసుల్లో చైనీయులకు ఇంగ్లిష్ చెప్పాను. ‘ఎస్, ఎస్’ అని మీకంటే ఎక్కువే అరిచి ఉంటాను. ఓ రోజు షాంఘై అమ్మాయి ఒకతె విసుగొచ్చి అడిగింది: ‘‘త్రీ అనేశాను కదా టీచర్, ఒకటి కాదని మళ్లీ చెప్పడం దేనికి?’’ మార్కర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ అమ్మాయి అడిగింది వాళ్ల వ్యాకరణమే. మాండరిన్‌లో నామవాచకం ఎన్ని ఉన్నా మారదు. మనుషుల విషయంలో మాత్రం ‘మన్’ అని చివర చేర్చి ‘విద్యార్థులు’ అనొచ్చు. కానీ ముందు ‘ముగ్గురు’ అని లెక్క వచ్చిందా, ఆ ‘మన్’ పెట్టకూడదు, పెడితే తప్పు. అంటే మీ ఆంటీ గారు ‘త్రీ’ అన్నాక ‘ఎస్’ వదిలేస్తున్నారంటే బద్ధకం వల్ల కాదు, వాళ్ల భాషలో అదే పద్ధతి.

లెక్క చెప్పడానికి వాళ్లకు వేరే ఏర్పాటుంది. మనం కరివేపాకు రెమ్మ, వెల్లుల్లి రెబ్బ, తోటకూర కట్ట, మల్లెపూలు మూర అంటాం చూడండి, అలాంటి మాట అక్కడ లెక్కపెట్టే ప్రతిదానికీ కావాలి. పుస్తకానికి ‘బెన్’. కాగితం, బల్ల లాంటి చదునైన వాటికి ‘జాంగ్’. చేపకూ రోడ్డుకూ ప్యాంటుకూ కూడా ‘థియావ్’, అన్నీ పొడుగ్గా ఉంటాయి కనుక. గొడుగుకు, కత్తికి, కుర్చీకి ‘బా’, చేత్తో పట్టుకుంటాం కనుక. ఏదీ తోచకపోతే ‘గ’. మూడు యాపిల్స్ అంటే ‘సాన్ గ పింగ్‌గ్వో’. మూడుకీ యాపిల్‌కీ మధ్య ఆ ‘గ’ ఉంది కదా, ఇక యాపిల్‌కు తోక అక్కర్లేదు.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. అన్నిటికీ ‘ఎస్’ పెట్టమని పట్టుబట్టాను. నెల తిరిగేసరికి క్లాసంతా ‘ఫర్నిచర్స్’, ‘హోంవర్క్స్’, ‘అడ్వైసెస్’. వాటిని మాన్పించడానికి ఇంకో నెల పట్టింది. అప్పుడుగానీ వెలగలేదు: ఇంగ్లిష్‌లో మనకు కష్టమైన ‘ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్’ వాళ్లకు పుట్టుకతో వచ్చిన పద్ధతి! వాళ్ల భాషలో ఫర్నిచర్‌కు ‘జ్యెన్’ అని ఓ కొలమాట ఉండనే ఉంది. కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి. ‘పీస్ ఆఫ్’, ‘బాటిల్ ఆఫ్’, ‘బౌల్ ఆఫ్’ ముందు చెప్పండి. ఆ తర్వాత, ‘యాపిల్‌కు ఇంగ్లిష్‌లో కొలమాట లేదు ఆంటీ, ఆ ఖాళీకి బదులు చివర ఎస్’ అనండి. నా క్లాసులో పనిచేసిన కిటుకు ఇదొక్కటే. ‘టూ ఫిష్’ అన్నప్పుడు మాత్రం మెచ్చుకోండి, అది సరైనదే.

ఇంకో పరీక్ష. బజారు చీటీ ఆమె చేతే రాయించండి. చీటీలో ‘ఎస్’ ఉండి మాటలో పోతుంటే అది నాలుకతో వచ్చిన చిక్కు. మాండరిన్ మాటల చివర అచ్చులు, ‘న్’, ‘ంగ్’ లాంటివే తప్ప ‘డెస్క్స్’లో ఉన్నలాంటి హల్లుల గుత్తి రాదు. మనం బస్‌ను బస్సు చేసుకోలేదూ? చీటీలో కూడా లేకపోతేనే వ్యాకరణం చెప్పండి.

‘ఎ’, ‘ది’లను ఇప్పుడే ముట్టుకోకండి. ఆ తేడా ఆమెకు తెలియక కాదు, వాళ్లు దాన్ని మాటల వరసతో చెబుతారు. ‘ఖరెన్ లాయ్ ల’ అంటే మనం ఎదురుచూస్తున్న చుట్టం వచ్చాడని. అదే తిప్పి ‘లాయ్ ఖరెన్ ల’ అంటే, ఎవరో చుట్టం వచ్చాడని. తెలుగులో మనమూ ‘ఎవరో’ అనేసి సరిపెట్టుకుంటాం. నిజం చెప్పొద్దూ, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేనే ఉత్తరం రాశాక ‘ది’ల కోసం ఇంకోసారి చూసుకుంటాను.

ఇక మీ నూడుల్స్. ఇంగ్లిష్‌లో నూడుల్స్‌కు ‘ఎస్’ ఉంది, పక్క గిన్నెలోని రైస్‌కు లేదు. ఎందుకని ఆవిడ అడిగి తీరతారు. నన్నూ నా క్లాసువాళ్లు అడిగారు. ‘అలాగే అంటారు’ అని చెప్పి అన్నం వడ్డించండి. మన పాలూ నీళ్లూ ఎప్పుడూ బహువచనంలోనే ఎందుకున్నాయని ఎదురు అడిగారంటే మాత్రం నాకు ఉత్తరం రాయొద్దు.