చేనేత కథ పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అంది చాలా రోజులయింది. మొదటిసారి చదివినప్పుడు వచ్చిన కోపం తగ్గాక జవాబు రాద్దామని పక్కన పెట్టాను. అది తగ్గే సూచనలేవీ కనిపించకపోవడంతో కోపంతోనే రాస్తున్నాను. కథ చివర హైదరాబాదులో ఏదో సభ జరుగుతుంది, చేనేతకు పేరుపడ్డ పుట్టపాక ఊరి నుంచి వచ్చిన నేత కళాకారుడికి బహుమతి ఇచ్చి శాలువా కప్పుతారు, పక్కన నిలబడిన భార్యను చూపించి "భర్తకు అన్నింటా చేదోడువాదోడుగా నిలిచిన ఇల్లాలు" అని వ్యాఖ్యాత ప్రకటిస్తాడు. ఆ వ్యాఖ్యాతను నేను ఏమీ అనను. వేదికలెక్కేవాళ్లు అలాగే మాట్లాడతారు. నా కోపమంతా ఆ మాటను కథ చెబుతున్న నీవు కూడా ఒప్పుకుని, దాని కింద గీత గీసి, కథ ముగించినందుకు. అంతకుముందు పుటలన్నిట్లోనూ ఆ తల్లి పుల్లల చట్రం మీద దారం తిప్పి ఆసు పోసింది, రంగు అంటకూడని చోట పట్టీలు బిగించి చిటికి కట్టింది, నేతకు కండెలు చుట్టింది, రంగు నీళ్లలో మోచేతుల దాకా ముంచింది. చీర మగ్గం దిగేసరికి మాత్రం అది ఆమె భర్త చీర అయిపోయింది. ఎక్కడ, ఏ గడియలో అది అతనిదైపోయిందో నీవు రాయలేదు. నా దృష్టిలో రాయవలసిన కథ అదొక్కటే.

నీ భాష బాగుంది. సంభాషణలు సహజంగా ఉన్నాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

కథ మధ్యలో ఒకచోట, బడికి వెళ్లే కూతురికి జడ వేయడానికి తల్లి చెయ్యి ఎత్తబోయి, భుజం పట్టేయడంతో ఎత్తలేక, ఆ పిల్లను గడప మీద తనకంటే ఒక మెట్టు కింద కూర్చోబెట్టుకుని వేస్తుంది. అక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఊరుకున్నాను. నీవు మాత్రం నాలుగు వాక్యాల్లో దాన్ని దాటేసి, అవార్డు ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్‌కు ఒక పుటన్నర ఇచ్చావు. బిడ్డా, ఆ భుజం ఎందుకు పట్టేసిందో నీకు తెలుసు. మీ అమ్మ ఇప్పటికీ ఆసు పోస్తున్నదని కథతో పాటు పంపిన ఉత్తరంలో నీవే రాశావు. తెలిసిన మనిషివి తెలియనివాళ్లకు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? అర్ధచంద్రాకారంగా ఉన్న చట్రానికి వరుసగా దిగ్గొట్టిన పుల్లల చుట్టూ పట్టుదారాన్ని ఒక్కొక్క పోగుగా తిప్పుతూ, నడిమి పుల్ల నుంచి అంచు పుల్లకు, అంచు నుంచి మళ్లీ నడిమికి, చెయ్యి ఎక్కడా తడబడకుండా, లెక్క ఎక్కడా తప్పకుండా, ఒక చీరకు దాదాపు 9,000 సార్లు ఆడించాలి. లెక్క తప్పితే చిటికి తప్పుతుంది, చిటికి తప్పితే రంగు తప్పుతుంది, రంగు తప్పితే మగ్గం మీద ఎంతటి నేర్పరి కూర్చున్నా పువ్వు పువ్వుగా పడదు. అంటే నమూనా పుట్టేది మగ్గం మీద కాదు. అంతకు ఎంతో ముందు, గోడవారన కూర్చున్న స్త్రీ చేతిలో పుడుతుంది. ఈ సంగతి కథలో ఎక్కడా లేకపోగా, మగ్గం చప్పుడు మీద మాత్రం మూడు చోట్ల కవిత్వం కట్టావు.

ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే భుజాల నొప్పి చూడలేక, 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద నాకు ఎంతో గౌరవం ఉంది. పని చేసిన చేతిని చూసిన మగవాడు ఆయన, పైగా చూసి ఊరుకోలేదు. నన్ను ఆలోచింపజేసేది మరొకటి. ఆ 9,000 లెక్క నలుగురి నోట పడింది యంత్రం వచ్చిన తర్వాతే. చేతితో చేసినన్నాళ్లూ ఎవరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే అది ఆడవాళ్లు వంటా వార్పూ ముగించుకుని ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని అనుకున్నారు. ఒక మనిషి ఏళ్ల తరబడి తంటాలు పడితే గాని ఇనుముకు పట్టుబడని నేర్పును పనితనం అనకుండా సహాయం అన్నవాళ్లలో మన కథకులు కూడా ఉన్నారు.

నాలుగో అఖిల భారత చేనేత గణన 2019–20లో జరిగింది. దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో నూటికి 72 మంది దాకా స్త్రీలేనని అందులో తేలింది. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూర్చునేది స్త్రీలే కనుక ఆ అంకె అంత పెద్దదయింది. మన వైపు మగ్గం మీద ఎక్కువగా పురుషుడు, మగ్గం చుట్టూ స్త్రీలు. ఆ చుట్టూ ఉన్నదానికి మజూరీ ఎంతో మీ ఇంట్లో ఎప్పుడైనా అడిగావా? చీరకింత అని సావుకారు కట్టే మజూరీలో ఆసుకెంత, చిటికికెంత, కండెలకెంత? సమాన పనికి సమాన వేతనమని రాజ్యాంగం 39వ అధికరణంలో రాసుకున్నాం, 1976లో చట్టం కూడా చేసుకున్నాం. వేతనమే కట్టని పని దేనితో సమానమవుతుందో ఆ చట్టాన్ని అడిగితే జవాబు రాలేదు. కథను అడిగితే రావాలి. పుట్టపాకకు చెందిన నేత కళాకారుల్లో గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి, వారి ప్రతిభకు అవి తగినవే. చేనేతలో, హస్తకళల్లో స్త్రీల కోసం, ఆ కళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పేరిట జాతీయ పురస్కారాలను కేంద్ర జౌళి శాఖ తర్వాత ప్రకటించింది. విడిగా ఒకటి పెట్టవలసి వచ్చిందంటేనే, అప్పటిదాకా ఉమ్మడిగా ఉన్నవి ఎవరి దాకా వెళ్లి ఆగిపోయేవో తెలుస్తున్నది.

ఇక తండ్రి పాత్ర. అతన్ని తాగుబోతును చేశావు, భార్యను కొట్టించావు, చివరికి అవార్డు సొమ్ము పేకాటలో పోగొట్టించావు. ఈ ఫ్యాషన్ నీ తరం తెచ్చినది కాదు, నా తరంలోనే మొదలయింది. భర్త దుర్మార్గుడైతే తప్ప స్త్రీకి అన్యాయం జరిగినట్టు లెక్కకు రాదని పోటీ కథల న్యాయనిర్ణేతలు మనకు నేర్పారు. నీవు అతన్ని మంచివాడిని చేసి చూడు. తాగడు, భార్యను పల్లెత్తు మాట అనడు, ఆమెకు జ్వరమొస్తే చౌటుప్పల్ ఆసుపత్రికి తనే తీసుకుపోతాడు, సావుకారు దగ్గర తనూ అప్పుల్లో ఉన్నాడు. అంత మంచివాడు కూడా వేదికెక్కి శాలువా కప్పించుకుంటున్నప్పుడు ఇది సగం ఆమెది అని చెప్పాలన్న ఆలోచన రాకుండానే దిగిపోతాడు. అప్పుడు చదివేవాళ్లకు తప్పించుకునే దారి ఉండదు. తాగుబోతు భర్త కథ చదివిన పెద్దమనిషి నేను అలాంటివాడిని కాను అనుకుని నిద్రపోతాడు.

కూతురు మార్చి 8న కళాశాలలో చేసిన ఉపన్యాసాన్ని తీసెయ్యి. సమానత్వం మీద ఆ పిల్ల చెప్పినవన్నీ నిజాలే కావచ్చు, కాని తల్లి భుజం చెప్పిన దాంట్లో పదో వంతు కూడా అవి చెప్పలేదు. మార్చి మాట వచ్చింది కనుక చెబుతున్నాను, పత్రికల మహిళా ప్రత్యేక సంచికలంటే నాకు ఎప్పటి నుంచో గిట్టదు. పండుగకు పుట్టింటికి పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, సాయంత్రానికి బస్సెక్కించినట్టు ఉంటుంది ఆ మర్యాద. తక్కిన పదకొండు నెలలు మన కథలు వాళ్లకు "గృహ సంబంధమైనవి".

ఆ మాట నాకు ఒక వారపత్రిక సంపాదకుడు పోస్టుకార్డు మీద రాసి పంపినది. అప్పుడు నేను దేవరకొండలో ఉద్యోగం చేస్తున్నాను. ఆ చుట్టుపక్కల ఊళ్లో నాట్లు వేసేటప్పుడు పాట ఎత్తుకునే ఒక పెద్దామె ఉండేది. ఆమె ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునేవారు, పాట నడకను బట్టి వంగిన నడుములన్నీ ఒక్కసారిగా అడుగు వెనక్కి వేసేవి, మధ్యాహ్నం ఎండ ముదిరాక ఆమె పాటను కావాలనే నెమ్మది చేసేది, ఆసామి గట్టు మీద నిలబడి విసుక్కున్నా మళ్లీ వేగం పెంచేది కాదు. ఒక మడిలోని పని వేగాన్ని తన గొంతుతో నిర్ణయించిన ఆ కళాకారిణి మీద కథ రాశాను. "పని వివరం ఎక్కువ, కథ తక్కువ, భర్త పాత్రను పెంచితే పరిశీలించగలం" అని జవాబు వచ్చింది. పెంచలేదు. ఆమె భర్తకు ఆ పాటతో సంబంధమే లేదు. తర్వాత ఒక చిన్న పత్రికవాళ్లు వేసుకున్నారు, వేసుకున్నారని సంతోషించే లోపలే నా పేరుకు ముందు శ్రీమతి, వెనుక మా ఆయన ఇంటిపేరు చేర్చి అచ్చయిన సంచిక అందింది. మరికొన్నాళ్లకు ఆ పెద్దామె పాడిన పాటలే ఒక జానపద గేయ సంకలనంలో కనిపించాయి. సేకరించిన ఆయన పేరు అట్ట మీద ఉంది, లోపల పీఠిక నిండా ఉంది. పాడిన మనిషి పేరు ఎక్కడా లేదు, ఊరు పేరు మాత్రం కుండలీకరణాల్లో ఉంది. సంకలనం ఆవిష్కరణ సభకు నన్ను పిలిచారు. ప్రసంగాలన్నీ పురుషులకు పంచాక మిగిలిన వందన సమర్పణ నాకు ఇచ్చారు. నేను ఆ గాయని పేరు చెప్పి, ఆమెకు వందనం సమర్పించి, కూర్చున్నాను. తర్వాత చాలా ఏళ్లు ఆ సంస్థ నుంచి నాకు ఆహ్వానం రాలేదు, వచ్చినా వెళ్లేదాన్ని కాదు.

పేర్లు రాయడమనేది చిన్న పని అనుకోకు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి ఆవేశపడి ఖండన రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చువేశారు. అంత పెద్ద జాబితాలోనూ స్త్రీలు కొద్దిమందే. ఆ కొరత తీర్చే పని తర్వాతివాళ్లకు మిగిలింది. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు ఏం చేశారన్నది వాళ్ల నోటితోనే చెప్పించి స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం "మనకు తెలియని మన చరిత్ర" ప్రచురించింది 1986లో. అప్పటికి పోరాటం ముగిసి మూడు దశాబ్దాలు దాటింది. మన ఉమ్మడి జిల్లా కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యాన్నే తీసుకో. తుపాకీ పట్టిందని అందరికీ గుర్తే, తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్లిందనీ గుర్తే. ఊరూరా తిరిగి పాట కట్టి, పాడి, జనాన్ని సభకు రప్పించిన గొంతు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అదే పాట మగవాడు పాడి ఉంటే ప్రజా వాగ్గేయకారుడని ఈపాటికి పరిశోధన గ్రంథాలు వచ్చేవి.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వద్దు. ఇంటి పేరు ఏది వాడాలన్నది నీ ఇష్టం, కాని సొంత పేరు దాచుకోకు, పత్రికవాళ్లు మార్చితే వదిలిపెట్టకుండా సవరణ వేయించు. ఏ పత్రికకు పంపితే త్వరగా వేస్తారన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉన్నా చెప్పను. తక్కినవి తర్వాత చూద్దాం.

కథ తిరిగి రాసే ముందు ఒక పని చెయ్యి. రాసిన కాగితాలు పక్కన పెట్టి, మీ అమ్మ పక్కన ఒక రోజంతా కూర్చుని, ఆసు దగ్గర నుంచి రబ్బరు పట్టీలు విప్పే దాకా ఏ పని ఎవరు చేస్తారో, ఎంతసేపు పడుతుందో ఆమె చెప్పినట్టే రాసుకో. రంగుల ఎంపిక ఎవరిదో తప్పక అడుగు. నాకు అనుమానం, ఆ కథలో మీ నాన్న గీశాడని రాసిన నమూనా కూడా ఆమెదే అయి ఉంటుందని. అవునో కాదో కనుక్కుని ముందు నాకు ఒక కార్డు ముక్క రాయి, కథ తర్వాత పంపవచ్చు. చేనేత సహకార సంఘంలో సభ్యత్వ పుస్తకం ఎవరి పేరున ఉందో కూడా అందులోనే రాయి.

ఆశీస్సులతో,
నల్గొండ నుంచి