చెక్క నేల మీద కట్టెల పొయ్యి: అద్దెదారును ఆపవచ్చా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాది మామగారి కాలం నాటి మేడ. పై అంతస్తు నేల టేకు పలకలది. 11 నెలల అగ్రిమెంటు మీద దాన్ని కాఫీ షాపుకు ఇచ్చాం, కింద మేముంటాం. అతను ఇనప కట్టెల పొయ్యి తెచ్చి, పలకల మీద టైల్స్ పరిచి దాని మీద పెట్టాడు. గోడకు కన్నం వేసి పొగగొట్టం బయటికి తీస్తాడట. ‘ఎప్పుడైనా తీసేసే వస్తువే, మీ పర్మిషన్ ఎందుకండీ’ అంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఆపగలమా? నిప్పంటుకుంటే బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆపగలరమ్మా. గుంటూరు ఎండల్లో ఆ పొయ్యి షోకేమిటో గానీ, ‘తీసేసే వస్తువు’ అన్న వాదనలోకి మీరు దిగకండి. ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 108(పి) మీ అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కూడదంటుంది. దానికి ‘ఇది శాశ్వతం కాదు’ అన్న జవాబు అతని దగ్గరుంది. మీరు పట్టుకోవాల్సింది 108(ఓ). అద్దెదారు ఆ ఆస్తిని తన సొంతమైనట్టు జాగ్రత్తగా వాడాలి, భవనానికి నష్టం చేయకూడదు. గోడకు కన్నం వేయడం నష్టమే కదా.

ఇక టైల్స్. టైల్ నిప్పురవ్వను ఆపుతుంది, వేడిని ఆపదు. ఏళ్ల తరబడి వేడెక్కిన చెక్క, కొత్త చెక్క కంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. అమెరికాలో అగ్ని భద్రత సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టిన 211 అనే ప్రమాణం ఉంది. పరీక్షించి ధ్రువీకరించని పొయ్యికి కాళ్లు 6 అంగుళాలకు మించి ఉన్నా, కింద 2 అంగుళాల మందాన ఇటుకో రాయో దగ్గరగా పేర్చి, దాని పైనో కిందో 24 గేజ్ రేకు వేయాలంటుంది. కాళ్లు 2 అంగుళాల లోపుంటే చెక్క నేల మీద పెట్టనే కూడదు. అది మన చట్టం కాదు. కానీ జాగ్రత్తపరుడు ఏం చేస్తాడో జడ్జిగారికి చూపడానికి పనికొస్తుంది.

నిర్లక్ష్యం వల్ల నిప్పంటుకుంటే మొదటి బాధ్యత అతనిదే. నిప్పుతో ప్రాణాలకు ముప్పు తెస్తే, ప్రమాదం జరగకపోయినా, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 కింద 6 నెలల దాకా జైలు, లేదా 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2000తో ఒక టేకు పలక కూడా రాదనుకోండి. అయితే తెలిసీ ఊరుకుంటే, నష్టపోయినవాళ్లు మిమ్మల్నీ కేసులో చేర్చవచ్చు. ఇంటికి ఫైర్ పాలసీ ఉంటే షాపు సంగతి, పొయ్యి సంగతి కంపెనీకి ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే క్లెయిమ్ దగ్గర మెలిక పెడతారు.

ముందు ఫొటోలు తీసి, లాయర్ నోటీసు పంపించండి. వినకపోతే సివిల్ కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ (ఆ పని చేయొద్దనే కోర్టు ఆదేశం) దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఉత్తర్వు అడగండి. ఆర్డర్ 26 రూల్ 9 కింద కోర్టు నియమించే కమిషనర్ వచ్చి పొయ్యి ఎలా ఉందో చూసి రిపోర్టు ఇస్తే మీకు బలం. కోపంలో కరెంటు తీసేయడం, తాళం వేయడం మాత్రం వద్దు. అప్పుడు ఇంజంక్షన్ అతనికే వస్తుంది.

మీకు అభ్యంతరం లేకపోతే షరతులతో ఒప్పుకోవచ్చు. అయితే ఇటుకల బరువును పాత దూలాలు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి రాసిచ్చాకే. అంతవరకు తీసుకునే ప్రతి అద్దె రసీదు మీద ‘పొయ్యికి అంగీకారం లేదు’ అని రాయండి. లేకపోతే, అద్దె తీసుకున్నారు కాబట్టి ఒప్పుకున్నట్టేనని రేపు అతను వాదించే వీలుంది.