పాత ఆఫీసు కంప్యూటర్‌ను తక్కువ ఖర్చుతో ఆన్‌లైన్ గేమ్స్‌కి పనికొచ్చేలా చేయొచ్చా?

చేయొచ్చు. ముందు క్యాబినెట్ మూత తీసి పవర్ సప్లై చూడండి. ఆఫీసు మెషీన్లలో చాలావాటికి అక్కడే చిక్కు: గేమ్ బొమ్మలను తెరపై చూపించే గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే 6 పిన్నుల కేబుల్ ఉండదు. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందేది మహా అయితే 75 వాట్లు. అందుకే ఆ కేబుల్ అక్కర్లేని జీటీఎక్స్ 1050 టీఐ లాంటి గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. క్యాబినెట్ సన్నగా ఉంటే లో ప్రొఫైల్ (తక్కువ ఎత్తుండే) కార్డే పడుతుంది. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి, దయచేసి ఇందులో బద్ధకించొద్దు.

ర్యామ్ ఒకటే 8 జీబీ స్టిక్ ఉంటే అలాంటిదే ఇంకోటి జత చేయండి, రెండు స్టిక్కులూ కలిసి పనిచేసే డ్యూయల్ ఛానెల్‌లో ఆట నిలకడగా నడుస్తుంది. ఎస్ఎస్‌డీతో (వేగంగా పనిచేసే స్టోరేజ్ డ్రైవ్) లోడింగ్ త్వరగా అవుతుంది గానీ సెకనుకు తెరపై కనిపించే ఫ్రేములు పెద్దగా పెరగవు. నెట్ వల్ల వచ్చే ల్యాగ్‌కి (ఆలస్యానికి) ఇవేవీ మందు కాదు, వైఫై మానేసి ల్యాన్ కేబుల్ పెట్టండి.