ఆరు నవలల హక్కులు రెండు లక్షలకు ఇచ్చేయొచ్చా? ఉద్యోగం మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఖమ్మంలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం 14,000, మే నెలకు ఇవ్వరు. నాలుగేళ్లుగా కలం పేరుతో ఒక యాప్‌లో ప్రేమ నవలలు సీరియల్‌గా రాస్తున్నాను. గత ఏడాది పన్ను కోత పోగా 2,28,000 వచ్చాయి. పూర్తయిన ఆరు నవలల మీదే నెలకు 7,000 దాకా వస్తోంది. మా వారి జీతం 42,000. హోమ్‌లోన్ వాయిదా 16,500తో కలిపి ఇంటి ఖర్చు 48,000. పాపకు 8 ఏళ్లు, బాబుకు 4. ఇద్దరూ నా స్కూల్లోనే చదువుతున్నారు కాబట్టి ఏడాదికి 30,000 ఫీజు తగ్గిస్తారు. అత్తగారు మాతోనే ఉంటారు. పిల్లలు పడుకున్నాక పదింటి నుంచి ఒంటిగంట దాకా రాస్తాను, పొద్దున ఐదున్నరకు లేవాలి. ఇప్పుడొక ఆడియో కంపెనీ ఆరు నవలల సర్వహక్కులకు 2 లక్షలు ఇస్తానంటోంది. అది తీసుకుని, ఉద్యోగం మానేసి రాసుకోవాలని ఉంది. రాయల్టీకి 3 లక్షల పన్ను మినహాయింపు ఉందట, నిజమేనా? రచన డబ్బు మా వారి ఖాతాలో పడుతుంది. పక్కింటావిడ దగ్గర నెలకు 5,000 చీటీ కడుతున్నాను. (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు ఆ ఒప్పందం సంగతి చూద్దాం, గడువు దగ్గరపడింది దానికే. ఇప్పుడున్న రూపంలో దాని మీద సంతకం పెట్టకండి.

మీరు పంపిన నకలు రెండో పేజీలో ‘అన్ని భాషలు, అన్ని మాధ్యమాలు, శాశ్వతంగా’ అని ఒకే వాక్యంలో ఉంది. అంటే ఆడియో ఒక్కటే కాదు, రేపు పుస్తకంగా వేసుకునే హక్కు, సినిమాకో వెబ్ సిరీస్‌కో ఇచ్చే హక్కు కూడా వాళ్లకే పోతాయి. ఇప్పుడు యాప్‌లో నడుస్తున్నవాటిని తీసేయమని కూడా అడగొచ్చు. అప్పుడు నెలకు వచ్చే ఆ 7,000 ఆగిపోతుంది. రెండు లక్షలంటే ఆ 7,000 చొప్పున రెండున్నరేళ్ల రాబడి కూడా కాదు. మాగాణిని రెండేళ్ల కౌలు డబ్బుకే రిజిస్టర్ చేసి ఇచ్చినట్టు అవుతుంది.

మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు నవల మీద హక్కు ఉంటుంది. కలం పేరుతో వచ్చిన నవలకైతే, రాసింది ఎవరో బయటపెట్టకపోతే ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లే. అంటే మీ తర్వాత మీ పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ రావాల్సిన ఆస్తి ఇది. హక్కులు బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అనేవి రాయాలని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. కాలం రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. కానీ ‘శాశ్వతంగా’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టాక ఆ ఐదేళ్ల రక్షణ మీకు దొరకదు.

వాళ్లకు ఇలా రాయండి: తెలుగు ఆడియో హక్కు మాత్రమే ఇస్తాను, మూడేళ్లకు. కొంత అడ్వాన్సు, ఆపైన రాబడిలో వాటా, మూడు నెలలకోసారి లెక్క. అడ్వాన్సు 60 వేలే అన్నా ఒప్పుకోండి, అదే మంచి బేరం. కాదంటే వదిలేయండి. ఒప్పందంలో మీ అసలు పేరు ఉండాలి, పక్కన ఫలానా కలం పేరుతో రాసే వ్యక్తి అని ఉండాలి. సంతకం పెట్టేముందు ఒక వకీలుకు చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇక ఉద్యోగం. మీరు పంపిన పన్నెండు నెలల లెక్క చాలాసేపు చూశాను. తక్కువ వచ్చిన నెలలు మూడు: జూన్‌లో 7,200, జూలైలో 8,500, అక్టోబర్‌లో 9,800. బడులు తెరిచి పుస్తకాలు, యూనిఫాంలు, పిల్లల జ్వరాలతో సరిపోయే రోజులు రెండు నెలలు, దసరాకు ఇంటినిండా చుట్టాలుండేది ఒక నెల. ఎక్కువ వచ్చింది జనవరిలో, 41,000. సంక్రాంతికి ముందు మీ అమ్మగారు వచ్చి నెలన్నర ఉండి వంటిల్లు చూసుకున్నారని ఉత్తరం చివర్లో రాశారు. పాఠకులు ఎక్కడికీ పోలేదు. మీ చేతిలో గంటలు ఉన్న నెలలో డబ్బు వచ్చింది, లేని నెలలో రాలేదు. ఇదొక్కటి మీ ఇంట్లో అందరికీ కనబడేలా కాగితం మీద వేసి చూపించండి.

అందుకే ఉద్యోగం మానడం కంటే ముందు చేయాల్సింది వంటమనిషిని పెట్టుకోవడం. ఖమ్మంలో రెండు పూటలా వంటకు 3,500కు మాట్లాడుకోవచ్చని మీరే రాశారు, ‘కానీ అది దుబారా కదా’ అని కూడా కలిపారు. కాదమ్మా. ఏడాదికి 42,000 అవుతుంది. మీ అమ్మగారున్నప్పటి నెల లాంటిది ఏడాదిలో ఇంకో రెండుసార్లు వస్తే ఆ ఖర్చు తిరిగొస్తుంది. రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవడం తగ్గుతుంది, నాకు అది అన్నింటికన్నా ముఖ్యం. నడుం పట్టేసిందని, కళ్లు మండుతున్నాయని రాశారు. రాసే మనిషి మంచాన పడితే రాబడి మొత్తం ఆగిపోతుంది.

ఇప్పుడే మానేస్తే లెక్క ఇలా ఉంటుంది. ఇంటి ఖర్చు 48,000, పోయే ఫీజు రాయితీ నెలకు 2,500, వంటమనిషి 3,500, మొత్తం 54,000. మీ వారి జీతం పోను రచన నుంచి నెలనెలా 12,000 తప్పకుండా రావాలి. సగటున 19,000 వస్తోంది కాబట్టి కాగితం మీద సరిపోతుంది. కానీ తక్కువ వచ్చిన మూడు నెలల సగటు 8,500. పైగా ఆ డబ్బంతా ఒక్క యాప్ నుంచే. వాళ్లు చెల్లింపు పద్ధతి మార్చితే అడిగే దిక్కు లేదు. (మీ నవలల ఫైళ్లు మీ దగ్గర విడిగా ఉన్నాయా? లేకపోతే ఈ ఆదివారమే దింపుకోండి.)

నా లెక్కలో రెండూ జరిగాకే రాజీనామా. ఒకటి, తక్కువ వచ్చిన మూడు నెలల సగటు 12,000 దాటాలి. రెండోది, మూడు నెలల ఖర్చు, అంటే 1,62,000, మీరు ముట్టుకోని నిధిగా బ్యాంకులో ఉండాలి. ఈ రెండూ కుదిరినా విద్యా సంవత్సరం మధ్యలో మానకండి, ఏప్రిల్ దాకా ఆగండి. పిల్లల రాయితీ మధ్యలో పోతే మిగతా ఫీజు ఒక్కసారిగా కట్టమంటారు. స్కూల్లో సగం పూట పనికి ఒప్పుకుంటారేమో ఈలోపు అడిగి చూడండి.

ఆ నిధి ఎక్కడినుంచి వస్తుందంటే, మీ టీచర్ జీతం, రచన రాబడి రెండింటిలోంచి, మీ వారి జీతం చాలక ఇంటికి తగ్గే 6,000, చీటీ 5,000 పోను నెలకు 20 వేలకు పైనే మిగలాలి. అది ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు, బహుశా మీకూ తెలియదు. మీ వారిని తప్పుపట్టడం లేదు. అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోతే ఎవరికీ తెలియదు. మీ పేరున విడిగా ఖాతా తెరిచి యాప్‌లో ఆ నంబరు ఇవ్వండి. అందులోంచి ప్రతి ఒకటో తారీఖున 12,000 ఇంటి ఖాతాకు పంపండి, ఎక్కువ వచ్చిన నెలైనా అంతే. మిగిలింది అక్కడే ఉండనివ్వండి. మీ రచన రాబడిని ‘చేతి ఖర్చు’ అనే మాట ఇంట్లో దానంతటదే పోతుంది.

పన్ను సంగతికి వస్తే మీకు మంచి వార్త ఉంది. చేతికి 2,28,000 వచ్చిందంటే, పది శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కింద సుమారు 25,000 కోసి ఉంటారు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి మీకు పన్నే పడదు. రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది, వేయకపోతే రాదు. రచన మీ వృత్తి ఆదాయం కాబట్టి ఐటీఆర్-3 అనే రిటర్న్ ఫారం వేయాలి, మొదటిసారికి ఆడిటర్ సాయం తీసుకోండి. యాప్‌లో ఎవరి పాన్ ఇచ్చారో ముందు చూసుకోండి. ఖాతాతో పాటు మీ వారి పాన్ ఇచ్చి ఉంటే ఆ టీడీఎస్ ఆయన లెక్కలో కనిపిస్తుంది, వెంటనే మార్పించండి. మీరు విన్న 3 లక్షల మినహాయింపు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80క్యూక్యూబీ సెక్షన్. అది పాత విధానం ఎంచుకున్నవాళ్లకే. పన్నే లేని మీకు దాంతో పని లేదు.

చీటీ గడువు పూర్తయ్యేదాకా కట్టి, అక్కడితో ఆపేయండి, మళ్లీ కొత్తది వేయకండి. రిజిస్టర్ కాని చీటీలో డబ్బు ఇరుక్కుంటే పోరాడటానికి కాగితం ఉండదు. ఆ 5,000ను తర్వాత పాప పేరున సుకన్య సమృద్ధికి (ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే పొదుపు పథకం) మళ్లించండి. కానీ ఖాతా మాత్రం ఇప్పుడే 250 రూపాయలతో తెరిచేయండి, పదేళ్లు నిండాక తెరవనివ్వరు. వడ్డీ ప్రస్తుతం 8.2 శాతం. ఏడాదికి 250 నుంచి 1,50,000 దాకా ఎంతైనా వేయొచ్చు కాబట్టి మీలా హెచ్చుతగ్గులతో సంపాదించేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. జనవరిలో ఎక్కువ వేసి జూన్‌లో ఏమీ వేయకపోయినా ఇబ్బంది లేదు. మీ ఇద్దరికీ టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) ఉండాలి, ముఖ్యంగా హోమ్‌లోన్ తీరేదాకా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

ఇంకొకటి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఒక తెల్లకాగితం మీద వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల ముందు మీరు సంతకం పెట్టి, వాళ్లూ సంతకాలు చేస్తే అది చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అందులో ఆరు నవలల పేర్లు, మీ కలం పేరు, అసలు పేరు, హక్కులు ఎవరికో స్పష్టంగా ఉండాలి. మీ కలం పేరు వెనక ఉన్నది మీరేనని మీ ఇంటి బయట ఎవరికీ తెలియదని రాశారు. అలాంటప్పుడు ఆ నవలలు మీవేనని పిల్లలు రుజువు చేసుకోవాల్సి వస్తే దారి చూపేది ఆ కాగితమే. యాప్ లాగిన్ వివరాలు, ఒప్పందాల నకళ్లు దానితోపాటే ఒక కవర్లో పెట్టి, ఎక్కడ ఉందో మీ వారికి చెప్పి ఉంచండి.