గలీనా పోస్టాఫీసులో నాన్న కొన్న గుండ్రటి స్టాంపు

ఒకరు తమ అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, చికాగో చుట్టుపక్కల చిన్న ఊళ్లలో చరిత్ర ఉన్న పాత కట్టడాలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. గలీనా తీసుకెళ్లండి. మేముండే అరోరా నుంచి కారులో మూడు గంటల లోపే. రాక్‌ఫర్డ్ దాటి ఇరవయ్యో నంబరు హైవే మీద పోతుంటే, అప్పటిదాకా చాపలా పరిచినట్టున్న ఇల్లినాయ్ నేల ఒక్కసారిగా కొండలెక్కుతుంది.

"అమెరికాకి చరిత్ర ఎక్కడిది, రెండొందల ఏళ్లేగా" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. కట్టడం ఎంత పాతది అన్నది ఒక్కటే కాదు, అది ఇవాళ్టికీ తన పని తను చేస్తోందా అన్నది చూడాలి.

మా నాన్న పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఆరేళ్లు చేసి సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. ఆయన వచ్చినప్పుడు గలీనా తీసుకెళ్లాను. అక్కడ అందరూ చూసేది గ్రాంట్ ఇల్లు. అంతర్యుద్ధం గెలిచి తిరిగొచ్చిన జనరల్ గ్రాంట్‌కి 1865 ఆగస్టులో ఊరివాళ్లు సామాన్లతో సహా ఇచ్చిన ఇటుక ఇల్లు అది. మేమూ చూశాం, బాగుంది. కొండ దిగి గ్రీన్ స్ట్రీట్‌లోకి వచ్చాక ఒక రాతి భవనం ముందు నాన్న ఆగిపోయారు. "ఒరేయ్, ఇది పోస్టాఫీసు కదూ?" అన్నారు. అవును, పోస్టాఫీసే. అంతర్యుద్ధానికి ముందు కస్టమ్స్ హౌసు, పోస్టాఫీసు కలిపి కట్టిన భవనం. ఇప్పటికీ అక్కడ ఉత్తరాలు తీసుకుంటున్నారు.

దాన్ని దగ్గరుండి కట్టించిన ఇంజనీరు ఈలీ పార్కర్, అమెరికా ఆదివాసుల్లో సెనెకా తెగ మనిషి. లా చదివినా, అమెరికా పౌరుడు కాదని ఆయన్ని లాయరు కానివ్వలేదు. అప్పుడు ఇంజనీరింగ్ పట్టుకున్నాడు. 1857లో గలీనా వచ్చాడు. 1860లో గ్రాంట్ ఇదే ఊళ్లో తండ్రి తోలు కొట్లో పనికి చేరాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1865 ఏప్రిల్ 9న అపోమటాక్స్‌లో దక్షిణాది సైన్యం నడిపిన జనరల్ లీ గ్రాంట్‌కి లొంగిపోయినప్పుడు, ఆ షరతుల కాగితం శుభ్రంగా తిరగరాసింది, అప్పటికి గ్రాంట్‌కి సైనిక కార్యదర్శిగా ఉన్న పార్కరే. ఇదంతా చెబితే నాన్న "దస్తూరీ బాగుండి ఉంటుంది" అన్నారు. మనియార్డరు ఫారాలు నింపిపెట్టమని జనం ఆయన దగ్గరే క్యూ కట్టేవాళ్లు మరి.

లోపల నలుగురున్న వరసలో నిలబడ్డారు. నన్ను పక్కన ఉండమని, తనే కౌంటరు దగ్గరికెళ్లి ఇండియాకి పోస్టుకార్డు పంపాలన్నారు. వాళ్లిచ్చిన స్టాంపు గుండ్రంగా ఉంది. అన్నేళ్ల సర్వీసులో గుండ్రటి స్టాంపు చూడలేదట! వేలి కొసతో దాని అంచు తడిమి చూసుకున్నారు. ఊరి పేరు, తేదీ కనిపించేలా ముద్ర చేత్తో వేస్తారా అని అడిగారు. కౌంటర్లో ఉన్నావిడ, నాన్న ఉద్యోగం సంగతి తెలుసుకుని, ముద్ర ఆయన చేతికే ఇవ్వలేనందుకు సారీ చెప్పి, ఎక్కడ వేయమంటారో చూపించమంది. నాన్న చూపించిన చోటే వేసింది. ఆయన కళ్లు చెమర్చాయి.

ఎందుకో నాకు తెలుసు. ఆయన ఎక్కువ కాలం పనిచేసింది ఒక పెంకుటింటి పోస్టాఫీసులో. అద్దె ఇల్లు. సొంతదారులు ఖాళీ చేయించి, కూలగొట్టి, షాపింగ్ కాంప్లెక్స్ కట్టారు. ఎర్రడబ్బా వేలాడిన వేపచెట్టు కూడా పోయింది. ఊళ్లో ఒక్కరూ అడ్డుపడలేదు. కోటలకీ గుళ్లకీ బోర్డులు పెడతాం గానీ, మనం రోజూ గుమ్మం తొక్కిన ఇంటిని కట్టడమే అనుకోం.

గలీనా వాళ్లు మాత్రం పుట్టుకతో గొప్పవాళ్లా అంటే, కాదు. 1840ల్లో ఈ దేశపు సీసంలో సింహభాగం ఆ చుట్టుపక్కల గనులదే. రేవు నిండా స్టీమర్లు. తర్వాత నది పూడిపోయింది, వ్యాపారం రైలెక్కి వేరే ఊళ్లకి పోయింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేకపోయింది. అలా మిగిలినవాటి విలువ తెలుసుకుని కాపాడుకున్నారు, అదీ వాళ్లని మెచ్చుకోవలసిన సంగతి. ఇవాళ ఆ ఊరి జనాభా మూడు వేల పైచిలుకే.

ఆ కార్డు పద్దెనిమిది రోజులకి మా బాబాయికి చేరింది.

మీరు వెళ్తే ఆదివారం వద్దు, పోస్టాఫీసు మూసి ఉంటుంది. మెయిన్ స్ట్రీట్ నుంచి పై వీధులకి మెట్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ల మోకాళ్లకి కష్టం, పైదాకా కారులోనే తీసుకెళ్లండి. కార్డు మీద కబురు తెలుగులోనే రాయించండి. అడ్రసు కింద ఇండియా అన్నది మాత్రం ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో ఉండాలి.