“అన్నిటికన్నా పాతది” అని రాసే ముందు

చి. తమ్ముడికి ఆశీస్సులు.

విద్యార్థులే సంపాదకులుగా నడిపే అంతర్జాతీయ న్యాయశాస్త్ర పత్రికల మీద నీ చిత్తుప్రతి చదివాను. మొదటి వాక్యంలోనే వర్జీనియా విశ్వవిద్యాలయ పత్రిక అమెరికాలో అన్నిటికన్నా పాతదన్నావు. హార్వర్డ్ వాళ్లూ తమ పత్రిక గురించి అదే అంటారు. హార్వర్డ్‌ది 1959లో పుట్టింది, వర్జీనియాది 1960లో. వర్జీనియా వాళ్ల మాట మళ్లీ చదువు: మధ్యలో ఆగకుండా వస్తున్నవాటిలో పాతది అని ఉంటుంది. నువ్వు ఎగరగొట్టింది ఆ విశేషణాన్నే. తగవంతా అందులోనే ఉంది.

ఇప్పటి పేరుతో లైబ్రరీ కేటలాగు వెతికితే పుట్టిన ఏడు తప్పుతుంది. ఎందుకంటే ఇవేవీ ఇప్పటి పేర్లతో పుట్టలేదు. హార్వర్డ్‌లో మొదట వచ్చింది ఇంటర్నేషనల్ లా క్లబ్ బులెటిన్. వర్జీనియా తొలి సంచికల మీద జాన్ బాసెట్ మూర్ సొసైటీ అన్న అక్కడి అంతర్జాతీయ న్యాయ సంఘం పేరుంటుంది. కొలంబియాది కూడా 1961లో ఒక సొసైటీ బులెటినే. పేరు మారినప్పుడల్లా లైబ్రరీలు వేరే నమోదు తెరుస్తాయి. ఆ నమోదులో “పూర్వనామం” అన్న గడి పట్టుకుని వెనక్కి నడువు.

ఒక నోటుబుక్కులో అయిదు గళ్లు గీయి: సంపుటి, సంచిక, అచ్చయిన ఏడాది, టైటిల్ పేజీ మీది పేరు, సంపాదకవర్గం. సంపుటి సంఖ్యను బట్టి వెనక్కి లెక్కేసి ఏడాది తేల్చకు. విద్యాసంవత్సరం రెండు క్యాలెండర్ ఏళ్ల మీద పరుచుకుంటుంది, పైగా తొలి సంపుటాలు ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. పత్రిక మధ్యలో ఆగిందా లేదా అన్నది ఈ గళ్లే చెబుతాయి. బైండు చేసిన సంపుటాలతో సరిపెట్టుకోకు. బైండింగులో అట్టలు తీసేయడం మామూలే, వాటి మీద అచ్చయిన పేర్లూ వాటితోనే పోతాయి. బైండు కాని విడి సంచికలు ఉన్నాయేమో ఆర్కైవ్స్‌లో అడుగు.

సంపాదకవర్గం ఏటా మారుతుంది కాబట్టి జ్ఞాపకం పొట్టిది. వార్షికోత్సవ సంచికల ముందుమాటలు ఒకదాన్నొకటి చూసి రాసినవై ఉంటాయి. అయిదు ముందుమాటలు ఒకే మాట చెప్పినా దాన్ని ఒక్క సాక్ష్యంగానే లెక్కేసుకో.

సంపాదకత్వం విద్యార్థుల చేతికే ఎందుకొచ్చిందన్నది క్లుప్తంగా చాలు. 1887 నాటి హార్వర్డ్ లా రివ్యూతో ఆ అలవాటు పడింది. 1907లో మొదలైన అమెరికన్ జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ లా మాత్రం పండితులది. ఎక్కువ చోటు ఫుట్‌నోట్ల తనిఖీకి ఇవ్వు: ప్రతి ఉల్లేఖనకూ మూలం తెప్పించి, పేజీ తెరిచి, రచయిత చెప్పింది అక్కడుందో లేదో చూడటం. 1926 నుంచి బ్లూబుక్ ఉంది గానీ అది ఉల్లేఖన ఎలా రాయాలో చెబుతుంది, నిజమో కాదో చెప్పదు. పరభాషా ఒప్పందాలూ తీర్పులూ వచ్చినప్పుడు ఈ పని ఎలా సాగిందో ఎవరూ సరిగా రాయలేదనే నా అభిప్రాయం.

చిత్తుప్రతి ఇప్పుడే దిద్దకు. ముందు ఆ గళ్ల నోటుబుక్కు పంపు.